చీకటి సముద్రంపై ఉష్ణనేత్రం: హోవర్‌క్రాఫ్టుకూ జెట్ స్కీకీ థర్మల్ కెమెరా చేరిన చరిత్ర

వ్యాససంగ్రహం:
ఒంటి వేడిని బట్టి చీకటిలో మనిషిని పట్టిచ్చే థర్మల్ కెమెరాకు ఆధారమైన ప్రధాన పదార్థం, నీటిమీదా బురదమీదా సాగిపోయే హోవర్‌క్రాఫ్టు ఒకే సంవత్సరంలో, ఒకే దేశంలో లోకానికి పరిచయమయ్యాయి. అయినా చిన్న జలవాహనాల మీద ఆ రెండూ కలవడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. ఈ జాప్యానికి కారణాలేమిటి, కలిసిన తరువాత ఎదురైన చిక్కులేమిటి, చల్లని సముద్రాలలో రూపుదిద్దుకొన్న ఈ సాధనం బంగాళాఖాతంలో ఎంతవరకు పనికివస్తుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: థర్మల్ కెమెరా, పరారుణ కిరణాలు, హోవర్‌క్రాఫ్టు, జెట్ స్కీ, సముద్ర రక్షణ, మచిలీపట్నం.

1. ఉపోద్ఘాతం

రాత్రిపూట సముద్రంలో పడిన మనిషిని వెతికేవారికి కనిపించవలసినది మనిషంతా కాదు, తల మాత్రమే. అల లేచినప్పుడు అదీ కనిపించదు. పడవలో నిలబడి టార్చిలైటు వేసి చూసేవారికి నురుగు, కొబ్బరికాయ, వల తేలుడుబిళ్ల, తల దాదాపు ఒకేలా ఉంటాయి. ఈ నాలుగింటిలో తలకు మాత్రమే సొంత వేడి ఉంటుంది. థర్మల్ కెమెరా ఆధారపడేది ఈ ఒక్క భేదం మీదనే.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. మన పత్రికలలో 'నైట్ విజన్' అన్న మాట రెండు వేరువేరు సాధనాలకు వాడుకలో ఉంది. ఒకటి, నక్షత్రాల కాంతినో వెన్నెలనో వేలరెట్లు పెంచి చూపించేది. సినిమాలలో కనిపించే ఆకుపచ్చని దృశ్యం దానిదే. రెండవది, కాంతితో నిమిత్తం లేకుండా వస్తువులు వెలువరించే వేడినే చిత్రంగా మార్చేది. మొదటిదానికి ఎంతో కొంత వెలుతురు కావాలి, రెండవదానికి అక్కరలేదు. ఈ వ్యాసంలో ప్రస్తావించేది రెండవదానినే. అది గ్రహించే కిరణాలకు మన పాఠ్యపుస్తకాలు 'పరారుణ కిరణాలు' అని పేరు పెట్టాయి. అరుణానికి ఆవల ఉన్నవి అని అర్థం. ఆంగ్లపదం ఎరుపుకు 'దిగువ' అంటే, తెలుగుపదం 'ఆవల' అంటుంది. ఆ కిరణాలు తొలిసారి దొరికిన చోటును బట్టి చూస్తే తెలుగుపదమే సమంజసంగా తోస్తుంది.

2. మంచుకొండ భయం

ఆ చోటు ఒక గాజుపట్టకం వెదజల్లిన రంగులపట్టీ చివర. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఏ రంగు ఎంత వేడినిస్తుందో థర్మామీటర్లతో కొలిచాడు. ఎరుపు దాటి, కంటికి ఏమీ కనిపించని చోట పాదరసం ఇంకా పైకి ఎక్కింది. 1840లో ఆయన కుమారుడు జాన్ హెర్షెల్ మసిపూసిన కాగితాన్ని ఆల్కహాలుతో తడిపి, వేడి పడినచోట తడి త్వరగా ఆరడాన్ని ఆధారం చేసుకొని ఒక ఉష్ణచిత్రాన్ని తీయగలిగాడు. 1880 ప్రాంతంలో అమెరికన్ ఖగోళశాస్త్రజ్ఞుడు శామ్యూల్ లాంగ్లీ బోలోమీటరును నిర్మించాడు. వేడి తగిలితే సన్నని లోహపుపట్టీ విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును కొలవడమే దాని పని. పావుమైలు దూరంలోని ఆవును అది గుర్తించగలిగేదని చెబుతారు. సూత్రరీత్యా నేటి చవక కెమెరాలకు పూర్వికుడు ఈ బోలోమీటరే.

ఇంతవరకూ ఇది ప్రయోగశాలల వ్యవహారం. దీనిని సముద్రానికి చేర్చినది టైటానిక్. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఓడస్తంభం మీది కావలివారు మంచుకొండను చూసేసరికి తప్పించుకొనే వ్యవధి లేకపోయింది. 1500 మందికి పైగా మరణించారు. వారిలో అనేకులను చంపింది మునక కాదు, గడ్డకట్టే స్థితికి దగ్గరగా ఉన్న నీటి చలి. ఆ దుర్ఘటన తరువాత కొద్ది సంవత్సరాలలోనే మంచుకొండలను వేడిభేదంతో పసిగట్టే పరికరాలకు పేటెంట్లు వెలువడ్డాయి. 1914లో ఆర్.డి. పార్కర్‌కు అమెరికాలో లభించిన పేటెంటు వాటిలో ఒకటి. ఆచరణలో మాత్రం ఓడల కంపెనీలు వాటిని ఆదరించలేదు. మంచుకొండల జాడ చెప్పే బాధ్యతను 1914లో మొదలైన అంతర్జాతీయ మంచు గస్తీకి అప్పగించి ఊరుకున్నారు. అయితే ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. సముద్రం మీద వేడిని 'చూడాలన్న' తొలి కోరిక ప్రాణరక్షణ కోసం పుట్టింది, యుద్ధం కోసం కాదు. సాంకేతిక చరిత్రలు చాలావరకు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాలలో దాటేసి సైనిక పరిశోధనల దగ్గర ఆగిపోతాయి. అది న్యాయం కాదని నా అభిప్రాయం.

యుద్ధకాలపు వివరాలను క్లుప్తంగా చూద్దాం. 1929లో హంగేరీకి చెందిన కాల్మాన్ తిహాన్యీ బ్రిటన్ విమాన విధ్వంసక రక్షణ కోసం పరారుణ కిరణాలను గ్రహించే టెలివిజన్ కెమెరాను రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ, అమెరికా సైన్యాలు పరారుణ దీపం వేసి, దాని ప్రతిఫలనాన్ని చూసే దుర్భిణులను వాడాయి. వాటిలోని లోపం స్పష్టమే. దీపం వేసినవాడు, అటువంటి దుర్భిణి ఉన్న శత్రువుకు తానే కనిపిస్తాడు. దీపం లేకుండా, ఎదుటి వస్తువు స్వయంగా వెలువరించే వేడినే చూడాలంటే అందుకు తగిన పదార్థం కావాలి.

3. 1959: మాల్వెర్న్, కౌస్

ఆ పదార్థం ఇంగ్లండులోని మాల్వెర్న్ పట్టణంలో, రాయల్ రాడార్ సంస్థలో తయారైంది. పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిసిన స్ఫటికం అది. లాసన్, ఆయన సహచరులు దాని లక్షణాలను వివరించిన పత్రం 1959లో అచ్చయింది. మానవదేహం వెలువరించే వికిరణం 9, 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద అత్యధికంగా ఉంటుంది. వాతావరణం కూడా 8 నుంచి 14 మైక్రోమీటర్ల మధ్య ఆ కిరణాలను పెద్దగా అడ్డగించదు. సరిగ్గా ఆ కిటికీలోంచి చూడగల కన్ను ఈ స్ఫటికం.

అదే 1959లో, అదే దేశపు దక్షిణతీరంలోని కౌస్‌లో క్రిస్టఫర్ కాకరెల్ ఆలోచన వాహనరూపం దాల్చింది. రెండు రేకు డబ్బాలను ఒకదానిలో ఒకటి అమర్చి, వాటి నడుమ సందులోంచి గాలిని కిందికి ఊది, అంచుల వెంట వచ్చే గాలితెర బరువును మోయగలదని ఆయన అంతకుముందే నిరూపించాడు. సాండర్స్-రో సంస్థ నిర్మించిన ఎస్.ఆర్.ఎన్-1 జూన్ 11న ప్రజల ముందు గాలిలో తేలింది. జూలై 25న, బ్లేరియో విమానంలో ఇంగ్లిష్ చానల్ దాటి సరిగ్గా 50 ఏళ్లయిన రోజున, అది కలే నుంచి డోవరు చేరింది.

ఒక దేశం, ఒక సంవత్సరం, రెండు సాధనాలు. రెండవదానికి మొదటిది ఎంతో అవసరం. హోవర్‌క్రాఫ్టుకు బ్రేకులుండవు. నీటిని కోసుకుంటూ పోయే అడుగుభాగం లేదు గనుక మలుపులో పక్కకు జారిపోతుంది. వేగమో, పడవలకు మించినది. ఇటువంటి వాహనాన్ని నడిపేవాడు అందరికన్నా ముందుగా, అందరికన్నా దూరం చూడాలి. అయినా అవి దశాబ్దాలపాటు కలవలేదు. 1968 నుంచి 2000 వరకు ఇంగ్లిష్ చానల్‌లో ప్రయాణికులను, కార్లను మోసిన భారీ ఎస్.ఆర్.ఎన్-4 వాహనాలు చీకటిలో ప్రధానంగా రాడారునే నమ్ముకున్నాయి. 1966 నుంచి వియత్నాం నదీముఖాలలో అమెరికన్ నౌకాదళం నడిపిన గస్తీ హోవర్‌క్రాఫ్టులదీ అదే తీరు. రాడారు లోహపు ఓడను చూపుతుంది. నీటిలోని మనిషి తలను అలల ప్రతిధ్వనుల మధ్య నుంచి వేరు చేయలేదు.

ఈ ఎడబాటుకు ప్రధాన కారణం చల్లదనం. మాల్వెర్న్ స్ఫటికం పనిచేయాలంటే దానిని సుమారు మైనస్ 196 డిగ్రీలకు, అంటే ద్రవనైట్రోజన్ చల్లదనానికి తేవాలి. కన్ను తానే వేడిగా ఉంటే ఎదుటి వేడిని గుర్తించలేదు కదా! శీతలీకరణ యంత్రం, స్కానింగ్ అద్దాలు, విద్యుత్ సరఫరా కలిపితే అది విమానానికో యుద్ధనౌకకో తగిన బరువు. ధర కూడా ఆ స్థాయిదే. పైగా సైనిక రహస్యం. 1965లో స్వీడన్ సంస్థ ఆగా విద్యుత్ లైన్ల తనిఖీకి పౌర మార్కెట్‌లో థర్మల్ కెమెరాను అమ్మినా, ఎగిసిపడే చిన్న వాహనం మీద దానిని నిలబెట్టే వీలు లేదు.

ముడి విప్పినది శీతలీకరణ అక్కరలేని కన్ను. 1980లలో అమెరికాలోని హనీవెల్ సంస్థ సైనిక ఒప్పందం కింద వనేడియం ఆక్సైడ్ పూసిన అతిచిన్న బోలోమీటర్లను వేల సంఖ్యలో ఒకే సిలికాన్ చిప్ మీద పేర్చింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అదే కాలంలో మరో పదార్థంతో అదే లక్ష్యం సాధించింది. 1992లో హనీవెల్ పరిశోధన మీద గోప్యత తొలగింది. 2000 సంవత్సరపు కాడిలాక్ డివిల్ కారులో థర్మల్ దృశ్యం డ్రైవరు ముందు అద్దంపై కనిపించసాగింది. ఆ దశాబ్దంలోనే చేతిలో పట్టుకొనేవి, పడవ కప్పుపై బిగించేవి బజారులోకి వచ్చాయి. లాంగ్లీ లోహపుపట్టీ 120 ఏళ్ల తరువాత వెంట్రుకకన్నా సన్నని గడులుగా మారి పడవెక్కిందన్నమాట.

4. ఎక్కడ బిగించాలి?

బరువు, ధర తగ్గాక కథ ముగిసినట్టే అనిపిస్తుంది. నిజానికి చిన్న వాహనం దగ్గరే అసలు చిక్కులు మొదలయ్యాయి. ఈ చరిత్రను కేవలం స్ఫటికాల, చిప్పుల చరిత్రగా రాస్తే ఈ భాగం మరుగునపడిపోతుంది.

మొదటిది, కిటికీ అద్దం. మామూలు గాజు ఈ కిరణాలకు గోడతో సమానం. కెమెరాను హోవర్‌క్రాఫ్టు క్యాబిన్‌లో, అద్దం వెనుక పెడితే కనిపించేది అద్దపు వేడి మాత్రమే. అందుకే కటకాన్ని జెర్మేనియంతో చేస్తారు. కెమెరాను బయట, ఉప్పునీటి తుంపరలో నిలబెడతారు. వజ్రాన్ని పోలిన కార్బన్ పూత కటకాన్ని ఉప్పు నుంచి కాపాడుతుంది కాని, దానిమీద నిలిచిన నీటిబొట్టును తొలగించదు. నీరు ఈ కిరణాలను పూర్తిగా మింగేస్తుంది. హోవర్‌క్రాఫ్టు నెమ్మదిగా కదిలేటప్పుడు స్కర్టు అంచుల నుంచి లేచే తుంపర వాహనాన్నే కప్పేస్తుంది. వెతుకులాటలో నెమ్మదిగా కదలక తప్పదు. చూపు అత్యంత అవసరమైన వేళే తెర పడుతుంది.

రెండవది, ఎత్తు. నీటిమట్టానికి ఒక మీటరు ఎత్తున ఉన్న కంటికి దిగంతం సుమారు 3.6 కిలోమీటర్లు, నాలుగు మీటర్ల ఎత్తున 7 కిలోమీటర్లు. జెట్ స్కీ మీద కెమెరాను హ్యాండిలుకో ముందు మూతకో బిగిస్తే దొరికేది ఒక మీటరుకు కొంచెం అటూఇటూ. దిగంతం కన్నా అల ముఖ్యం ఇక్కడ. మీటరు ఎత్తు అల వెనుక పల్లంలో ఉన్న తల ఆ కంటికి కనిపించదు. పైగా అంత తక్కువ కోణంలో నీటి ఉపరితలం అద్దంలా ప్రవర్తించి ఆకాశపు వేడిని ప్రతిఫలిస్తుంది. నిర్మలమైన ఆకాశం చల్లగా, మబ్బు వెచ్చగా ప్రతిఫలించి, ప్రతి అలా ఒక మరకలా మెరుస్తుంది. కెమెరాను పైకెత్తుదామంటే హోవర్‌క్రాఫ్టు తూకం అడ్డువస్తుంది. చిన్న హోవర్‌క్రాఫ్టులో ముందువైపునో పైవైపునో బరువు పెరిగితే, వేగంలో ముందరి స్కర్టు నీటిలోకి మడతపడి ముక్కు కూరుకుపోయే ప్రమాదం ఉంది.

మూడవది, వేగం. దీనిని లెక్కవేసి చూడవచ్చు. 1958లో అమెరికా సైనిక పరిశోధకుడు జాన్ జాన్సన్ ప్రతిపాదించిన ప్రమాణం ప్రకారం, ఏదో ఉందని పసిగట్టడానికి ఆ వస్తువు చిత్రంలో కనీసం రెండు గడులను ఆక్రమించాలి; అదేమిటో పోల్చుకోవడానికి సుమారు ఎనిమిది కావాలి. అడ్డంగా 320 గడులు, 24 డిగ్రీల దృశ్యవిస్తృతి గల మామూలు కెమెరాను తీసుకుందాం. పావుమీటరు వెడల్పున్న తల దానిలో రెండు గడులు నిండేది సుమారు 95 మీటర్ల దూరంలో. 40 నాట్ల వేగంతో పోతున్న వాహనం ఆ దూరాన్ని అయిదు సెకన్ల లోపు దాటేస్తుంది. అది తలేనని పోల్చుకొనేసరికి మిగిలేది 24 మీటర్లు, ఒక సెకను కొద్దిగా పైన. గడులు రెట్టింపు చేసి, దృశ్యవిస్తృతిని సగానికి తగ్గిస్తే దూరాలు నాలుగింతలవుతాయి. కాని గడ్డిపరక రంధ్రంలోంచి సముద్రాన్ని చూసినట్టుంటుంది. వాహనపు కుదుపుకు చిత్రం నిలవదు. గైరోస్కోపుతో నిలకడ తెచ్చే అమరిక పెడితే మళ్లీ బరువు, ఖర్చు.

దీనికి తోడు ఎగుమతి ఆంక్షలు. థర్మల్ కెమెరాల సైనిక మూలం వల్ల, సెకనుకు 9 చిత్రాలకు మించి చూపేవాటిని అమెరికా కఠిన నియంత్రణ కింద ఉంచింది. అందుకే విదేశీ బజార్లలో దొరికే పడవ కెమెరాలలో చాలావాటిపై '9 హెర్ట్జ్' అన్న ముద్ర కనిపిస్తుంది. నిశ్చలంగా ఉన్న ఓడకు అది చాలు. 40 నాట్లలో రెండు చిత్రాల నడుమ వాహనం రెండు మీటర్లకు పైగా ముందుకు పోతుంది.

నడిపేవాడి సొంత కన్ను సంగతి కూడా చెప్పుకోవాలి. చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి మనిషి కంటికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. హ్యాండిలు మీద వెలిగే తెర దానిని క్షణంలో చెడగొడుతుంది. ఓడలు ఢీకొనకుండా 1972లో కుదిరిన అంతర్జాతీయ నిబంధనలలో అయిదవది, చూపుతోనూ వినికిడితోనూ అందుబాటులోని ఇతర సాధనాలన్నింటితోనూ కావలి కాయాలని ఆదేశిస్తుంది. కెమెరా ఈ మూడవ కోవలోకి చేరుతుందే తప్ప మొదటి రెండింటికి బదులు కాదు. హోవర్‌క్రాఫ్టు గాలిమెత్తపై నడిచేటప్పుడు అన్ని దిక్కులకూ కనిపించే పసుపుపచ్చని మిణుకు దీపం వెలిగించాలని కూడా అవే నిబంధనలు చెబుతాయి. జెట్ స్కీలకు మామూలుగా దీపాలే ఉండవు. ఫ్లోరిడాతో సహా అమెరికాలోని పలు రాష్ట్రాలు రాత్రివేళ వాటిని నడపడాన్ని నిషేధించాయి. చూడడంతో పని తీరదు, కనిపించాలి కూడా. విలాసానికి నడిపే జెట్ స్కీకి థర్మల్ కెమెరా బిగించడం ఈ కారణంగా నాకు సమర్థనీయంగా తోచదు. రక్షకదళాల మాట వేరు.

5. మొరేకాంబ్ అఖాతం, 2004

ఇంగ్లండు వాయవ్యతీరంలో మొరేకాంబ్ అఖాతం ఉంది. ఆటు సమయంలో మైళ్లకొద్దీ ఇసుక, బురద బయటపడతాయి. పోటు వచ్చినప్పుడు నీరు కాలువలగుండా వెనుకనుంచి చుట్టుముడుతుంది. పడవ పోలేని, మనిషి నడవలేని ఆ నేల కోసమే బ్రిటన్ లైఫ్‌బోటు సంస్థ 2002 చివర తన తొలి రక్షక హోవర్‌క్రాఫ్టును అక్కడ ఉంచింది.

2004 ఫిబ్రవరి 5 రాత్రి, ఆ ఇసుకలో గుల్లలు ఏరడానికి వెళ్లిన చైనా వలస కూలీలను పోటు చుట్టుముట్టింది. కనీసం 21 మంది చనిపోయారు. కొందరు సెల్‌ఫోన్లలో సహాయం కోరారు. గాలింపులో లైఫ్‌బోట్లు, హెలికాప్టర్లతో పాటు ఆ హోవర్‌క్రాఫ్టు కూడా పాల్గొంది. దొరికినవారిలో అధికులు అప్పటికే మృతులు.

థర్మల్ కెమెరా పరిమితి ఇటువంటి రాత్రిలో పూర్తిగా బయటపడుతుంది. నీరు వేడి కిరణాలను మింగేస్తుంది గనుక ఉపరితలానికి వెంట్రుకవాసి కింద ఉన్నదీ కెమెరాకు కనిపించదు. తడిసిన బట్టలు కొద్ది నిమిషాలలో నీటి ఉష్ణోగ్రతకు చేరుకుంటాయి. మిగిలేది ముఖం. శరీరం చలికి లొంగుతున్నకొద్దీ, లోపలి వేడిని కాపాడుకోవడానికి చర్మానికి రక్తం తగ్గించుకుంటుంది, ముఖమూ చల్లబడుతుంది. అంటే ఎవరిని త్వరగా కనుగొనాలో ఆ మనిషే క్రమంగా కెమెరాకు కనుమరుగవుతాడు. ప్రాణం పోయాక నీటికీ దేహానికీ భేదం ఇంకా తగ్గిపోతుంది. మంచి కెమెరా కాలాన్ని కొంత పొడిగిస్తుంది, అంతే.

ఆ రాత్రి తరువాత బ్రిటన్ చేసిన ప్రధాన చర్య కెమెరాలు కొనడం కాదు. కూలీల ముఠాలను నడిపేవారికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ అదే సంవత్సరం చట్టం తెచ్చింది. ఆ కూలీలను పంపిన మేస్త్రీకి 2006లో 14 ఏళ్ల శిక్ష పడింది. పోటు వేళలు తెలియని, స్థానిక భాష రాని మనుషులను చీకట్లో బురదలోకి దించినవాడు ఉండగా, నేరాన్ని చీకటి మీద తోయలేమని ఆ చట్టం గుర్తించింది.

6. వెచ్చని సముద్రం

భారత తీరరక్షక దళం 2000 నుంచి హోవర్‌క్రాఫ్టులను వాడుతోంది. కచ్, మండపం వంటి నిస్సారమైన లోతుల తీరాలలో వాటి అవసరం ఎక్కువ. 2008 నవంబరు 26న ముంబైకి రబ్బరు పడవలో చేరిన పదిమందిని మొదట చూసినది ఏ పరికరమూ కాదు, ఒడ్డునున్న మత్స్యకారులు. ఆ తరువాత దీపస్తంభాల మీద రాడార్లు, రాత్రీపగలూ చూసే కెమెరాలతో తీరనిఘా వ్యవస్థ ఏర్పడింది. తొలిదశలోని 46 కేంద్రాలను నిర్మించినది భారత్ ఎలక్ట్రానిక్స్. ఎత్తు సమస్యకు దీపస్తంభం ఒక సమాధానం. నీటిమీద మనిషి దగ్గరకు వెళ్లవలసిన వాహనానికి మాత్రం ఆ ఎత్తు లేదు. 2024 అక్టోబరులో రక్షణశాఖ మరో ఆరు హోవర్‌క్రాఫ్టుల కోసం రూ. 387.44 కోట్ల ఒప్పందం చేసుకొంది.

ఈ సాధనాలు పెరిగినది చల్లని నీళ్లలో. ఉత్తర సముద్రంలో చలికాలపు నీటికీ మనిషి ముఖానికీ 20 డిగ్రీల తేడా ఉండవచ్చు. వేసవిలో బంగాళాఖాతం ఉపరితలం 28, 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. తడిసి, గాలికి ఆరుతున్న తల చర్మానికీ ఆ నీటికీ తేడా రెండు మూడు డిగ్రీలకు పడిపోతుంది. కెమెరా 0.05 డిగ్రీల భేదాన్ని పసిగట్టగలదన్నది నిజమే. కాని అలల మీద మబ్బుల ప్రతిఫలనం కలిగించే తేడా ఆ తల తేడాకు సమానంగానో, మించో ఉంటే అందులో ఏది తల? తేమగాలి కూడా దీర్ఘ తరంగాలను ఎక్కువగా పీల్చుకొని దూరాన్ని తగ్గిస్తుంది. తేమ ప్రాంతాలకు 3 నుంచి 5 మైక్రోమీటర్ల కిటికీ నయమంటారు; అయితే ఆ కెమెరాలకు మళ్లీ శీతలీకరణ కావాలి. మరోవైపు, వెచ్చని నీటిలో మనిషి గంటల తరబడి బతికి ఉంటాడు. చల్లని సముద్రంలో బాగా కనిపించి త్వరగా చనిపోయే మనిషి, మన సముద్రంలో సరిగా కనిపించకుండా ఎక్కువసేపు బతికి ఉంటాడు. గాలింపు ఎంతసేపు కొనసాగించాలి, కెమెరాలో కనిపించలేదన్న కారణంతో ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాలకు చల్లని సముద్రపు లెక్కలు ఇక్కడ సరిపోవు.

ఈ లెక్కలు వేయగల చోటు కృష్ణాజిల్లాలోనే ఉంది. 1926లో మచిలీపట్నంలో ప్రారంభమైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ పాఠశాలలకు, ప్రయోగశాలలకు పరికరాలు చేసేది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. క్రమేణా సైన్యానికి రాత్రిచూపు సాధనాలందించే కేంద్రమైంది. అదే జిల్లా నిమ్మలూరులో అటువంటి ఉత్పత్తులకే మరో కర్మాగారం వెలసింది. ఈ కేంద్రాల పేరు మన పత్రికలలో సరిహద్దు సైనికుల ప్రస్తావనలోనే వినిపిస్తుంది. మే నెల రాత్రి, 30 డిగ్రీల నీటిలో, మీటరు ఎత్తు నుంచి ఒక తడిసిన తల ఎంత దూరాన కనిపిస్తుందో కొలవాలంటే మచిలీపట్నంవారు దూరం పోనక్కరలేదు. గిలకలదిండి రేవు నుంచి ఒక పడవ, ఒక కెమెరా, లైఫ్‌జాకెట్ వేసుకొని నీటిలో దిగడానికి సిద్ధపడే ఒక ఈతగాడు చాలు.